ఇంజను ఆగితే నోరు పెగలని అన్న

కింది ఫ్లాటులో ఉండే అమ్మాయి విమానం నడపడం నేర్చుకుంటోంది. మొన్న ఆదివారం వాళ్లమ్మ గిన్నె నిండా పాయసం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆవిడ పాయసం తెచ్చిందంటే ఏదో అడగడానికి వచ్చిందని అర్థం. అడగబోయే విషయం ఎంత పెద్దదైతే పాయసంలో పంచదార అంత ఎక్కువ పడుతుంది. ఈసారి ఒక్క చెంచాకే పళ్లు జివ్వుమన్నాయి. విషయం గట్టిదేనని అప్పుడే అనుకున్నాను. ఆవిడ కాసేపు ఎండల గురించి, లిఫ్టు గురించి మాట్లాడి, చివరికి కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది. "మా పిల్ల ఫ్లయింగ్ టెస్టు రెండోసారి కూడా తప్పింది ఆంటీ. మీ అన్నయ్యగారు పైలట్‌గా చేశారు కదా. ఇలా ఫెయిలైన వాళ్లని ఎయిర్‌లైన్స్ వాళ్లు తీసుకుంటారా?"

నేను బళ్లో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. పరీక్ష తప్పిన పిల్లల తల్లులకు ఏం చెప్పాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ ఆ రోజు అవేవీ చెప్పకుండా, చెంచా పక్కన పెట్టి ఆవిడకు మా ఇంటి కథ మొదలుపెట్టాను. సరిగ్గా ఈ ప్రశ్నే ఒక ఎండాకాలమంతా మా ఇంట్లో తిరిగింది. అన్నం తినేటప్పుడు మా మధ్య కూర్చునేది, ప్రార్థన చేసుకునేటప్పుడు కూడా కూర్చునేది. ఎవరూ పైకి అడగలేదు, అంతే. అడగకపోవడమే మా ఇంటి రోగమని మాకు అప్పటికి తెలియదు.

మేం గోదావరిఖనిలో ఉండేవాళ్లం. అరవైలలో అది ఇంకా పూర్తిగా ఊరు కాలేదు. గనులు తెరిచిన కొద్దీ కంపెనీ క్వార్టర్ల వరసలు లేచేవి, వరసలు లేచిన కొద్దీ బట్టలు ఆరేసుకునే తాళ్లు పెరిగేవి. తెల్ల చీర ఆరేస్తే సాయంత్రానికి బూడిదరంగు చీర చేతికొచ్చేది. మా దగ్గర బొగ్గుగనిని బాయి అంటారు, నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తారు. బాపు ఆ బాయిలో సర్దారు. సర్దారంటే పేరుకు పెద్దరికంలా ఉంటుంది గానీ, పని మాత్రం అందరికంటే ముందు చీకట్లోకి పోవడం. మనుషులు పనిలోకి దిగేముందు బాపు చేతికర్రతో పైకప్పును తట్టి చూసేవాడు. గట్టిగా మోగితే పని మొదలు. బోలుగా మోగితే అందరూ వెనక్కి. కప్పు కూలబోయేముందు సన్నగా చప్పుడు చేస్తుందట. "కప్పు మాట్లాడుతది. అది మాట్లాడేటప్పుడు మనిషి నోరు మూసుకోవాలె" అనేవాడు బాపు. మాది క్రైస్తవ కుటుంబం. దేవుని వాక్యం తర్వాత మా ఇంట్లో అంత విలువ ఈ మాటకే ఉండేది.

బాయిలో ప్రాణం కాపాడే అలవాటు ఇంట్లోకి వస్తే ఎలా ఉంటుందో చెప్పాలి. ఎక్కడ ఏ చిన్న చప్పుడైనా మా నలుగురి మాటలూ ఒక్కసారే తెగిపోయేవి. చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయేది. ఒకసారి చుట్టాల పెళ్లిలో భోజనాలకు కూర్చుంటే పందిరి వాసం కిర్రుమంది. మేం నలుగురం తినడం ఆపి, తలలు పైకెత్తి, బిగుసుకుపోయి కూర్చున్నాం. మా మూతులు చూసి కూర నచ్చలేదేమోనని పెళ్లివారు కంగారుపడి మరోటి తెచ్చి వడ్డించారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ వేళ కాని వేళ సైరన్ మోగితే మాత్రం ఆ అలవాటు మా ఒక్క ఇంటిది కాదు, కాలనీ మొత్తానిది. షిఫ్టు సైరన్ల వేళలు పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ వేళలు కాకుండా కూత వినిపించిందంటే బాయిలో ఏదో జరిగిందన్నమాట. ఆడవాళ్లంతా గడపల్లోకి వచ్చి నిలబడేవారు. ఒక్కరూ ఏడ్చేవారు కాదు, ఒక్కరూ నోరు తెరిచి ఎవరని అడిగేవారు కాదు. ఏదైనా అంటే ఆ మాట పోయి తమ ఇంటికే తగులుతుందని భయం. భయమనే మాట కూడా ఎవరూ అనేవారు కాదు.

అన్న మిషన్ బళ్లో బాగా చదివాడు. సర్కారు స్కాలర్‌షిప్ వచ్చి, హైదరాబాదులో విమానం నడపడం నేర్పే ఒక క్లబ్బులో చేరాడు. బాపుకు ఉన్న పట్టుదలల్లా ఒకటే, కొడుకు బాయిలో దిగకూడదని. "భూమ్మీద ఏ పని చేసినా మంచిదే" అనేవాడు. అన్న భూమ్మీద ఆగకుండా ఇంకా పైకి పోతానన్నాడు. ఆ కబురు విన్న రోజు అవ్వ రొట్టెలు చేస్తోంది. పిండి చేతులతోనే లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఆయన భూమి కింద, వీడు గాలిల. ఈ ఇంట్ల నేల మీద ఒక్కరన్న ఉండరా?" అంది. నేనున్నాను కదా అన్నాను. నా వైపు చూసి, నేను లెక్కలోకి రానన్నట్టు మళ్లీ రొట్టెల దగ్గరికి పోయింది.

క్లబ్బులో నేర్చుకున్నంత కాలం బాగానే గడిచింది. లైసెన్సు కోసం విమానంలో పెట్టే పరీక్ష దగ్గరే అన్న తప్పాడు. పరీక్ష పెట్టే అధికారి పక్క సీట్లో కూర్చుంటాడు. బాగా పైకి పోయాక ఉన్నట్టుండి ఇంజను జోరు పూర్తిగా తగ్గించేసి, ఇంజను పోయిందనుకో, ఏం చేస్తావో చెయ్యి అంటాడు. అప్పుడు నేర్చుకునేవాడు విమానం ముక్కు కొంచెం దించి, కింద దిగడానికి వీలైన చదును నేల చూసుకుని, మీటలన్నీ వరసగా సరిచూసుకోవాలి. చేస్తున్న ప్రతి పనినీ పైకి గట్టిగా చెప్పాలి. రేడియోలో ఆపద కబురు కూడా పలకాలి. అన్న చేతులు చెయ్యాల్సినవన్నీ చేశాయి. నోరే తెరుచుకోలేదు. అప్పటిదాకా చెవులు పగిలేలా మోగిన ఇంజను సద్దుమణిగి, రెక్కల మీద గాలి సన్నగా చప్పుడు చేస్తుంటే, అన్న తల పక్కకు వాల్చి ఆ చప్పుడు వింటూ కూర్చున్నాడట. అధికారి రెండుసార్లు అడిగాడు. అన్న జవాబివ్వలేదు. కిందికి దిగాక ఆయన, "నువ్వేం చేస్తున్నావో పక్కన కూర్చున్న నాకు తెలియకపోతే, రేపు నీ వెనక కూర్చున్న ప్రయాణికుల గతి ఏమిటి?" అని ఫెయిల్ చేశాడు.

రెండోసారి ఏమైనా సరే మాట్లాడి తీరాలని అన్న ఒట్టు పెట్టుకుని ఎక్కాడు. ఇంజను సద్దుమణగగానే మళ్లీ అదే జరిగింది. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని నాకొక్కదానికే చెప్పాడు. "నాకు అన్నీ యాదికున్నయి చెల్లె. మాట గొంతుదాంక వస్తది. ఆడ ఆగుతది. నేను మాట్లాడితే పైనుంచి కూలుతదన్నట్టు అయితది." గాల్లో ఉన్నవాడి మీద ఏం కూలుతుంది? కానీ నేను నవ్వలేదు. ఆ భయం ఏ కప్పు కింద పుట్టిందో నాకు తెలుసు.

అసలు గుబులు పరీక్ష గురించి కాదు, ఆ తర్వాతి దాని గురించి. ఆ రోజుల్లో విమానాల కంపెనీలు తక్కువ, లైసెన్సు చేతబట్టుకుని ఖాళీగా తిరిగేవాళ్లు ఎక్కువ. క్లబ్బులో ఒక సీనియర్ అన్నతో అన్నాడట, "ఒకసారి తప్పితే ఇంటర్వ్యూలో ఎందుకని అడుగుతారు. రెండుసార్లు తప్పితే అడిగాక ఆలోచిస్తారు. మూడోసారి కూడా తప్పితే పిలవనే పిలవరు." మూడోసారి తప్పితే స్కాలర్‌షిప్ కూడా ఆగిపోతుంది. అప్పుడు మిగిలేది బాయి పని ఒక్కటే. సర్దారు కొడుక్కి బాయిలో పని దొరకడం కష్టమేమీ కాదు. బాపు ఆ మాట ఎత్తలేదు గానీ, ఆ నెలంతా షిఫ్టు నుంచి వచ్చాక అన్న ముఖం వైపు చూడలేక గోడకున్న క్యాలెండరు వైపు చూస్తూ అన్నం తిన్నాడు.

అందుకని అన్నకు పరీక్ష పెట్టే పని నేను నెత్తిన వేసుకున్నాను. నేనప్పుడు టీచర్ ట్రెయినింగులో ఉన్నాను. ఎవరికి ఏదైనా నేర్పెయ్యగలనన్న నమ్మకం ఆ వయసులో దండిగా ఉంటుంది. మా ఇంట్లో టీ కాచుకునే పంపు స్టవ్ ఒకటుండేది. బాగా గాలి కొట్టి వెలిగిస్తే పక్కనున్న మనిషి మాట వినిపించనంత రొద చేసేది. అన్నను దాని ముందు పీట మీద కూర్చోబెట్టి, చేతికి అప్పడాల కర్ర ఇచ్చాను. స్టవ్ ఇంజను, అప్పడాల కర్ర విమానాన్ని తిప్పే కర్ర. నేను వెనక నుంచి వచ్చి చప్పున స్టవ్ గాలి వదిలేసేదాన్ని. రొద ఆగగానే అన్న పైకి మాట్లాడాలి. అన్న అప్పడాల కర్ర ముందుకు వంచేవాడు, కళ్లతో నేల వెతికేవాడు, నుదుటి మీద చెమట పట్టేది. మాట మాత్రం బయటికొచ్చేది కాదు. ఇందులో తప్పు నాది కూడా. స్టవ్ ఆగగానే అలవాటుకొద్దీ నేనూ నోరు మూసుకుని వినేదాన్ని. పరీక్ష పెట్టేదానికీ రాసేవాడికీ ఒకే జబ్బు. ఇద్దరం సగం కాగిన టీ ముందు మూగవాళ్లలా కూర్చునేవాళ్లం.

ఒకనాడు ఎట్లాగో అన్న గొంతు పెగిలించుకుని, "ఇంజను పోయింది" అని ఒక్క మాట అన్నాడు. పెరట్లోంచి అవ్వ పరుగున వచ్చింది. "ఏం మాటలురా అవి? ఇంట్ల గట్ల అంటరా?" అని స్టవ్ ఎత్తుకుపోయి గదిలో దాచింది. ఆ సాయంత్రం మోకాళ్ల మీద చాలాసేపు ప్రార్థన చేసింది. కొడుకు పాసవ్వాలనే చేస్తోందని నేననుకున్నాను.

ఆ మేనెలలోనే, ఎండ నడినెత్తి మీదున్న వేళ సైరన్ మోగింది. షిఫ్టు మారే వేళ కాదు. బాపు మొదటి షిఫ్టులో దిగి ఉన్నాడు. అవ్వ కడుగుతున్న చెంబును నేల మీద మెల్లగా పెట్టింది, చప్పుడు కాకుండా. ముగ్గురం చెప్పులు కూడా వేసుకోకుండా బాయి గేటు దగ్గరికి పోయాం. కాళ్లు కాలుతున్న సంగతి ఇంటికొచ్చాక గాని తెలియలేదు. అప్పటికే అక్కడ ఆడవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. ఒక్క మాట లేదు. చంకలోని పిల్లలు కూడా కిక్కురుమనడం లేదు. ముందున్నవాళ్లకు గేటు ఊచలు కనిపిస్తున్నాయి, వెనకున్న మాకు ముందువాళ్ల వీపులు. అవ్వ నా చెయ్యి పట్టుకుంది. పోయినవాళ్లలో బాపు ఉన్నాడని నా మనసు అప్పుడే తీర్మానించేసుకుంది. ఇక ఎవరో వచ్చి చెప్పడమే మిగిలింది.

అన్న మా అందరికంటే పొడుగు. గుంపు తలల మీదుగా తనకు లోపల అంతా, బాయి లిఫ్టును పైకి లాగే పెద్ద చక్రంతో సహా, కనిపిస్తోంది. అన్న ముఖం పాలిపోయింది. తల పక్కకు వాలింది. ఇంజను ఆగినప్పుడు వాల్చే తీరే. నేను చూస్తూనే ఉన్నాను, మెడ నరం ఎగిరి ఎగిరి పడుతోంది. అప్పుడు అన్న అన్నాడు. "అవ్వా, నాకు భయమైతంది."

ముందున్న ఆడవాళ్లంతా వెనక్కి తిరిగారు. ఆ గేటు దగ్గర ఆ మాట అంతకుముందు ఎవరూ పైకి అని ఉండరు. అన్న గొంతు వణుకుతూనే ఉంది, కానీ ఆగలేదు. "పైన చక్రం తిరుగుతాంది. లిఫ్టు పైకి వస్తాంది. ఇంకా ఎవరు కనిపిస్తలేరు." ఎవరో ముసలమ్మ, "ఇంకేంది బిడ్డా, చెప్పు" అంది. అన్న చెప్పాడు. "చక్రం నిలబడ్డది. తలుపు తీస్తున్నరు. మనుషులు బయటికొస్తున్నరు. నడుసుకుంటనే వస్తున్నరు." గుంపులో ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. "స్ట్రెచరుంది" అన్నాడు, అక్కడ గొంతు జీరబోయింది. ఈసారి మూగబోతాడనుకున్నాను. "మనిషి కదులుతాండు. చెయ్యెత్తిండు. పాణంతోనే ఉన్నడు. ముఖం కనిపిస్తలేదు. ఆగురి, చెప్త. పక్కపొంటి పట్టుకొని నడుస్తున్నది… బాపు. అవ్వా, బాపు!"

కప్పు కొంత కూలి ఒక కార్మికుడికి కాలు విరిగింది. మిగతావాళ్లు దెబ్బ తగలకుండా బయటపడ్డారు. ఆ కార్మికుడి భార్య మా పక్కనే ఉంది. తర్వాత వారం దవాఖానలో అతన్ని చూడ్డానికి పోతే ఆమె అన్న చెయ్యి పట్టుకుని, "నువ్వు పాణంతోనే ఉన్నడని అన్నవు చూడు, గప్పటిసంది నా కాళ్లు నిలబడ్డయి" అంది. బాపు మాత్రం ఆ రోజు ఇంటికొచ్చి స్నానం చేసి, ఏమీ జరగనట్టు అన్నం తిని పడుకున్నాడు.

ఆ తర్వాత అవ్వ స్టవ్ తెచ్చి అన్న ముందు పెట్టింది. ఎందుకో చెప్పలేదు, మేం అడగలేదు. మూడోసారి పరీక్షలో ఇంజను సద్దుమణగగానే అన్న మొదట పలికిన మాట, భయంగా ఉంది సార్ అనట. ఆ తర్వాత నేల దిగేదాకా నోరు ముయ్యలేదట. అధికారి చేతులు జోడించి, చాలు నాయనా, ఇక ఆపు అన్నాడని అన్న చెప్పాడు. ఇందులో ఎంత నిజమో నాకు తెలియదు. అన్న పాసయ్యాడు.

కానీ మొదటి రెండు తప్పులు ఎక్కడికీ పోలేదు. విమానాల కంపెనీ ఇంటర్వ్యూలో కూర్చోగానే వాళ్లు ఎత్తింది అవే. ఇంటికొచ్చాక అన్న చెబుతుంటే మేం గోడకు ఆనుకుని విన్నాం. "రెండుసార్లు ఎందుకు తప్పినవని అడిగిన్రు. భయమైతే నోరు మూసుకునే ఇంట్ల పుట్టిన సార్ అన్న. మరి ఇప్పుడో అన్నరు. ఇప్పుడు భయమైతే చెప్తున్న, ఇప్పుడు గూడ అయితాంది అన్న." బాపు ఆత్రంగా అడిగాడు, "నవ్విన్రా?" అన్న ఆలోచించాడు. "ఒకాయన నవ్విండు. మిగిలినోళ్లు రాసుకున్నరు." నవ్వినాయన మంచివాడా, రాసుకున్నవాళ్లు మంచివాళ్లా అని మేం నెలల తరబడి తర్కించుకున్నాం. ఒక్కసారీ తప్పని వాళ్లకు ముందు పిలుపులొచ్చాయి. అన్నతో చదివినవాళ్లు ఒక్కొక్కరే యూనిఫారం కుట్టించుకున్నారు. అన్న రోజూ సైకిలు మీద పోస్టాఫీసుకు పోయి వచ్చేవాడు. బాయి ఆఫీసులో ఎవరో బాపును, మీవాడిని తీసుకురా సర్దారూ, పేరు రాసుకుంటాం అన్నారట. రేపు చెప్తానని బాపు చాలాసార్లు తప్పించుకున్నాడు.

చివరికి టెలిగ్రాం వచ్చింది. మా కాలనీలో తంతి అంటే చావు కబురే. తంతి తెచ్చే మనిషి ఎర్ర సైకిలును చూసి పక్కింటివాళ్లు గడపలోకి వచ్చి నిలబడ్డారు. అవ్వ తంతి అందుకుని, విప్పకుండా అన్న చేతికిచ్చింది. "నువ్వే సదువు. పెద్దగ సదువు" అంది. అన్న చదివాడు. ఉద్యోగం వచ్చింది. ఆ వరసలో ఆఖరి పిలుపు అన్నదే.

నేను గెంతాను. అవ్వ గెంతలేదు. పీట మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి అంది. "రెండుసార్లు నేనే తప్పిచ్చిన బిడ్డా. నువ్వు తప్పాలని మోకాళ్ల మీద అడిగిన. ప్రభువు ఇన్నడు." అన్న తంతి కాగితం మడిచి పట్టుకుని అడిగాడు. "మరి మూడోసారి, అవ్వా?" అవ్వ తల అడ్డంగా ఊపింది. "మూడోసారికి గూడ మొదలువెట్టిన గాని, సైరన్ మోగిన నాటిసంది ఏం అడగలే. బాయి కాడ నువ్వు చెప్తాంటే గంతమంది ఆడోళ్లు నీ నోటి దిక్కే చూసిన్రు. గసొంటి గొంతు నా ఒక్కదాని కొరకు ఎట్ల ఆపుకుంట? గాని నాకు భయమైతాంది బిడ్డా. మస్తు భయమైతాంది."

తలుపు దగ్గర బాపు షిఫ్టుకు తయారై, టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా వైపు చూడకుండా టోపీ వైపే చూస్తూ అన్నాడు. "నాగ్గూడ అయితది. దిగిన కాడికెల్లి, రోజూ." చెప్పి, టోపీ పెట్టుకుని డ్యూటీకి పోయాడు. బాపు నోట ఆ మాట వినడం మాకు అదే మొదటిసారి, అదే ఆఖరిసారి కూడా.

అన్న రిటైరయ్యేనాటికి బాపు లేడు. అవ్వ ఉంది. ఆఖరి విమానం దించి వచ్చి అన్న ఆమె మంచం పక్కన కూర్చుని, "ఇగ పోను అవ్వా" అన్నాడు. నిజంగనేనా అని మళ్లీ అడిగి చెప్పించుకుని, అవ్వ ఆ మధ్యాహ్నం గోడవైపు తిరిగి, గురకపెట్టి నిద్రపోయింది. మేం ఫ్యాను వేగం పెంచి, తలుపు దగ్గరగా వేసి, వసారాలో కూర్చున్నాం. ఒక తల్లి నిశ్చింతగా కునుకు తీయడానికి కొడుకు ఉద్యోగకాలమంతా పట్టింది.